నల్ల సాటిన్, బ్లైండ్ల నీడ: ఫ్యాషన్ గీతతో నోయిర్ నాయికను గీయడం

నోయిర్ కథకు, అంటే నేరం, మోసం, చీకటి నీడలు నిండిన కథకు, బొమ్మ వేయమంటే చాలామంది మొదట నాయిక ముఖం గీస్తారు. సగం వాలిన కళ్లు, ఎర్రటి పెదాలు, వేళ్ల మధ్య సిగరెట్. పూర్తయ్యాక చూస్తే అందమైన అమ్మాయి ఉంటుంది గానీ, ఆమెను చూసి ఎందుకు జంకాలో బొమ్మలో ఎక్కడా ఉండదు. ఆ లోటు ముఖాన్ని ఎంత దిద్దినా తీరదు. మగవాణ్ని వలలో వేసి ముంచే ఇలాంటి నాయికను ఫెమ్ ఫటాల్ అంటారు. ఆమె బలమంతా గుమ్మంలో నిలబడిన తీరులో, వేసుకున్న బట్ట కోతలో, వెలుగు ఆ బట్ట మీద ఎక్కడిదాకా వచ్చి ఆగిందన్న దాంట్లో ఉంటుంది. ఈ మూడూ కాగితం మీదకు తేవడం బాగా తెలిసినవాళ్లు ఫ్యాషన్ ఇలస్ట్రేటర్లు. నేర్చుకోవాల్సింది వాళ్ల దగ్గరే.

అలాగని వాళ్ల పద్ధతిని ఉన్నదున్నట్టు ఎత్తుకొస్తే బొమ్మ చెడుతుంది. ఫ్యాషన్ బొమ్మ బట్ట అమ్ముడుపోవడానికి పుట్టింది. అందులో మనిషి ఆ బట్ట నిలబడేందుకు ఆధారం, అంతే. నోయిర్‌లో బట్ట ఆమె పన్నిన ఎత్తులో భాగం. ఏది కనబడాలి, ఏది కనబడకూడదు అన్నది ఆమె ముందే ఆలోచించుకుని వేసుకుంది. భుజం వెడల్పు దగ్గర్నుంచి చేతి తొడుగుల పొడవు దాకా గీసే ప్రతి నిర్ణయం వెనకా ఆ ఆలోచన కనబడాలి. ఇక్కడ చెప్పే కొలతలు, పద్ధతులు అన్నీ దానికోసమే.

ఎవరి బొమ్మలు ముందు పెట్టుకోవాలంటే, ఇద్దరు చాలు. మొదటివాడు 'ఎరిక్' అని సంతకం చేసిన కార్ల్ ఎరిక్సన్. 1958లో చనిపోయేదాకా వోగ్ పత్రికకు వేశాడు. ఎప్పుడూ మోడల్‌ను ఎదురుగా పెట్టుకునే గీసేవాడు కాబట్టి ఆయన బొమ్మల్లో మనిషి బరువు నేల మీద ఆనుతుంది. రెండోవాడు రెనె గ్రూవా. 1909లో ఇటలీలోని రిమినిలో పుట్టాడు, 2004 దాకా బతికాడు. దియోర్ ఫ్యాషన్ సంస్థకు ఆయన వేసిన ప్రకటనలు నోయిర్ బొమ్మలు వేసేవాళ్లకు నేరుగా పాఠాలు. మిస్ దియోర్ అత్తరు కోసం 1940ల చివర్లో వేసిన ఒక ప్రకటనలో చిరుతపులి పంజా మీద ఆనించిన ఆడమనిషి చెయ్యి మాత్రమే ఉంటుంది. ముఖం లేదు, ఒళ్లు లేదు. అయినా ఆ స్త్రీ ఎలాంటిదో చూసినవాడికి తెలిసిపోతుంది. నలుపు, తెలుపు, ఒకే ఒక్క ఎరుపుతో, లావు కుంచె గీతతో ఆయన నడిపిన బొమ్మలు ఎన్ని దొరికితే అన్ని చూడండి. ఎక్కడ గీత ఆపాడో వేలు పెట్టి వెతకండి. ఆగిన చోట్లే ఎక్కువ పనికొస్తాయి.

ఇక కొలతలు. మామూలు మనిషి ఎత్తు ఏడు నుంచి ఏడున్నర తలలు. ఫ్యాషన్ బొమ్మ తొమ్మిది తలలు, కొన్నిసార్లు పది. నోయిర్‌కు పది తలలు పనికిరావు. అంత పొడుగు మనిషిని తలుపు పక్కనో బల్ల పక్కనో పెట్టగానే గది మొత్తం అబద్ధంగా కనబడుతుంది. ఫ్యాషన్ బొమ్మ వెనక సాధారణంగా గది ఉండదు, తెల్ల కాగితమే ఉంటుంది, అందుకే అక్కడ అది చెల్లుతుంది. మనకు ఎనిమిదిన్నర తలలు సరిపోతాయి. ఏ4 కాగితం నిలువు 297 మిల్లీమీటర్లు. తలకు 30 చొప్పున ఎనిమిదిన్నర తలలకు 255 పోతే 42 మిగులుతుంది. పైన టోపీ కోసం 22, కింద నేల మీద నీడ కోసం 20 వదలండి. నడినెత్తి నుంచి కొలిస్తే గడ్డం 30 దగ్గర, భుజాలు 45 దగ్గర, రొమ్ము గీత 60 దగ్గర, నడుము 90 దగ్గర, తొడల సంధి 127 దగ్గర, మోకాళ్లు 185 దగ్గర, చీలమండలు 240 దగ్గర పడతాయి. మిగిలిన 15 మిల్లీమీటర్లు మడమలెత్తిన పాదానివి.

పెంచిన పొడవంతా ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. మెడకు కొంచెం, తొడకు కొంచెం, మోకాలి నుంచి చీలమండ దాకా ఎక్కువ. నడుముకూ తుంటికీ మధ్య పెంచితే మాత్రం బొమ్మ సాగదీసిన రబ్బరులా అవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల బొమ్మల్లో తరచూ కనబడే లోపం ఇదే. ఇంకొకటి, ఒళ్లు పొడుగు చేసి చేతులు మామూలు కొలతలోనే వదిలేయడం. మోచెయ్యి నడుము గీత దగ్గరకు, మణికట్టు తొడల సంధి దగ్గరకు వస్తున్నాయో లేదో ప్రతిసారీ స్కేలు పెట్టి చూసుకోవాలి.

నిలబడే తీరుకు ఒక్క నిలువు గీత చాలు. మెడ కింద రెండు ఎముకల మధ్య ఉండే గుంట నుంచి నేల దాకా తూకం గీత గీయండి. ఆమె ఒంటికాలి మీద బరువు వేసి నిలబడితే ఆ గీత బరువు మోసే పాదం మీద పడాలి. ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. ఈ రెండు వాలుల మధ్యే నడుము మెలిక పుడుతుంది. గీత పాదం బయట పడితే ఆమె పడిపోతున్నట్టుంటుంది, గుమ్మానికో కారు తలుపుకో ఆనుకుంటే తప్ప. నోయిర్‌లో ఆనుకోవడం చాలా పనికొచ్చే భంగిమ. బరువు ఇంకోదాని మీద వేసి నిలబడ్డ మనిషికి తొందర లేదని తెలుస్తుంది, తొందర పడాల్సింది ఎదుటివాడు. అయితే ఆనిన చోట భుజమో తుంటో కొంచెం నలిగి చదునవ్వాలి, బట్ట అక్కడ ముడత పడాలి. అది లేకపోతే గోడ ముందు అట్టబొమ్మ నిలబెట్టినట్టే.

ఫ్యాషన్ భంగిమల్లో ఒకటి మాత్రం పూర్తిగా వదిలేయాలి. తుంటిని బాగా ముందుకు తోసి, వీపు వెనక్కి వాల్చి, నడిచి వస్తున్నట్టుండే ర్యాంప్ నడక. అది చూసేవాళ్ల కోసం చేసే నడక. నోయిర్‌లో ఆమె ఎవరికోసమూ ప్రదర్శన ఇవ్వడం లేదు, లెక్క వేసుకుంటోంది. గడ్డం ఒక వేలెడు కిందికి దించి, తలను భుజాల కన్నా వేరే దిక్కుకు తిప్పితే ఆ లెక్క కనబడుతుంది. ఒళ్లు తలుపు వైపు, చూపు మనిషి వైపు. లేదా ఒళ్లు మనిషి వైపు, చూపు బల్ల మీది ఉత్తరం వైపు.

బట్టల దగ్గరకు వస్తే, కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో తెలియకుండా పెన్సిల్ పట్టకూడదు. 1940లు అనుకుని అన్నీ కలిపేస్తే తెలిసినవాళ్ల కంటికి వెంటనే దొరికిపోతుంది. అమెరికాలో యుద్ధకాలపు ఉత్పత్తి మండలి 1942లో ఎల్-85 అనే ఆంక్ష తెచ్చింది. ఆడవాళ్ల బట్టలకు ఎంత గుడ్డ వాడాలో కట్టడి చేసింది. అంచు మడత రెండు అంగుళాలు దాటకూడదు, ఉబ్బు చేతులు కుట్టకూడదు. అందుకే 1943, 44 నాటి కథలో ఆమె స్కర్ట్ సన్నగా, మోకాలి కిందికి కొద్దిగా దిగి ఆగుతుంది. జాకెట్టు కురచగా ఉంటుంది. గుడ్డ తగ్గిన చోట దర్జా అంతా భుజాల మీదకు ఎక్కింది. ప్యాడ్లు పెట్టిన చదునైన వెడల్పు భుజాలు ఆ కాలపు గుర్తు. మామూలు ఫ్యాషన్ బొమ్మలో భుజాల వెడల్పు తల పొడవుకు ఒకటిన్నర రెట్లు, మన కొలతలో 45 మిల్లీమీటర్లు. యుద్ధకాలపు సూటుకు దాన్ని 53 దాకా తీసుకెళ్లండి. నడుము 26 దగ్గర ఆపండి. ఆ రెండు కొలతల మధ్య పడే త్రికోణమే ఆమె ఆకారం, దూరం నుంచి నీడగా చూసినా గుర్తు పట్టేది దానితోనే.

1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో క్రిస్టియాన్ దియోర్ తొలి ప్రదర్శన జరిగింది. దానికే న్యూ లుక్ అన్న పేరు స్థిరపడింది. భుజాలు మెత్తబడి కిందికి జారాయి, నడుము బిగిసింది, స్కర్ట్ పిక్కల సగం దాకా దిగి గజాల కొద్దీ గుడ్డతో విచ్చుకుంది. అంటే 1944 కథలో విచ్చుకున్న స్కర్ట్ పెట్టకూడదు, 1950 కథలో ఆమె కొత్త బట్టలు కొనగలిగే మనిషైతే చదును భుజాల సూటు పెట్టకూడదు. దీన్ని పాత్ర కోసం వాడుకోవచ్చు కూడా. 1948లో ఇంకా 1943 సూటే వేసుకుని వచ్చిందంటే ఆమె చేతిలో డబ్బు లేదన్నమాట, ఎంత దర్జాగా నిలబడినా సరే. రచయిత ఆ మాట చెప్పనక్కర్లేదు, బొమ్మ చెబుతుంది.

మేజోళ్లదీ ఇదే సంగతి. నైలాన్ మేజోళ్లు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1940 మే 15న. 1942లో నైలాన్ మొత్తం యుద్ధ అవసరాలకు మళ్లింది. పిక్క వెనక కుట్టు గీతను కనుబొమల పెన్సిల్‌తో కాలి మీదే గీసుకున్న ఆడవాళ్లు ఉన్నారు. 1944 కథలో ఒకామె అసలైన నైలాన్ మేజోళ్లతో కనబడితే అవి ఎక్కడివన్న ప్రశ్న పుడుతుంది. నల్లబజారు నుంచి వచ్చినవో, ఎవరో ఇచ్చినవో. ఆ కుట్టు గీత గీసేటప్పుడు స్కేలు వాడొద్దు. అది పిక్క ఒంపు వెంట వంగి, చీలమండ దగ్గర సన్నబడి, మడమలోకి దిగాలి. తిన్నగా గీస్తే కాలు కర్ర అవుతుంది. చెప్పుల మడమ విషయంలో కూడా జాగ్రత్త. సూదిలాంటి స్టిలెటో మడమ 1950లది, యుద్ధకాలపు మడమ ఎత్తుగా ఉన్నా కొంచెం లావుగానే ఉంటుంది.

జుట్టు చూస్తే కూడా ఏడాది తెలుస్తుంది. ఒక కన్ను మీద పడే పొడుగు జుట్టు నటి వెరోనికా లేక్ వల్ల ప్రచారంలోకి వచ్చింది. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ల జుట్టు యంత్రాల్లో ఇరుక్కుంటుందన్న భయంతో ప్రభుత్వం అడిగితే 1943లో ఆమె ఆ జుట్టును ఎత్తి కట్టుకుంది. కాబట్టి 1944లో ఒక కన్ను కప్పుకుని తిరిగే పాత్ర ఫ్యాక్టరీ మనిషి కాదు, కాబోదు. గీసేటప్పుడు వెంట్రుక వెంట్రుకగా వెళ్లకండి. మొత్తం జుట్టును ఒక నల్లటి ముద్దగా నింపి, అల తిరిగిన చోట మాత్రమే రెండు మూడు తెల్లటి పట్టీలు వదిలితే చాలు.

గుడ్డ రకం తెలియకుండా మడత గీస్తే అన్నీ దుప్పటి మడతల్లా వస్తాయి. ఈ పాఠం ఫ్యాషన్ ఇలస్ట్రేటర్ల దగ్గర తప్ప ఇంకెక్కడా సరిగా దొరకదు. మడత ఎప్పుడూ ఏదో ఒక పట్టు నుంచి పుడుతుంది. భుజం, రొమ్ము, తుంటి, వంగిన మోచెయ్యి, పిన్ను పెట్టిన చోటు. ముందు ఆ పట్టు బిందువులు గుర్తించి, మడతలు అక్కడి నుంచి విచ్చుకునేలా గీయాలి. ఏ పట్టూ లేని చోట మడత ఉండకూడదు.

నల్ల సాటిన్‌లో వెలుగు అంచులు పదునుగా ఉంటాయి. తెల్ల కాగితం వదిలిన మచ్చ, దాని పక్కనే పూర్తి నలుపు, మధ్యలో బూడిద రంగు దాదాపు లేదు. ఆ తెల్ల మచ్చలు మడత శిఖరం మీద పడతాయి, పొడుగ్గా, ఒక కొన మొనదేలి. గౌను మొత్తంలో తెలుపు పది పదిహేను శాతం దాటితే అది సాటిన్‌లా కాక రేకులా కనబడుతుంది. వెల్వెట్ దీనికి పూర్తిగా తలకిందులు. మనకు ఎదురుగా ఉన్న భాగం గాఢమైన నలుపు, ఒళ్లు తిరిగిపోయే అంచు దగ్గర సన్నని వెలుగు. ఒకే బొమ్మలో రెండూ పెట్టాల్సి వస్తే, సాటిన్ గౌను మీద వెల్వెట్ కేప్ లాంటివి, ఈ తేడా ఒక్కటే వాటిని విడదీస్తుంది. ఉన్ని క్రేప్ సూటుకు మెరుపు అసలు ఉండదు. నలుపుతో చదునుగా నింపి, లేపెల్ (కాలర్ కింద ఛాతీ మీదకు మడిచిన భాగం) అంచు, జేబు నోరు, నడుము డాట్లు (బిగింపు కుట్లు) మాత్రం సన్నని తెల్ల గీతలుగా వదలాలి. ఫర్ కాలర్‌కు లోపల ఏమీ గీయొద్దు, అంచు మాత్రమే పొడి కుంచెతో చెదరగొట్టాలి.

1930ల సాయంత్రపు గౌన్లకు ఇంకో సంగతి ఉంది. ఫ్రెంచ్ డిజైనర్ మదలీన్ వియోనె ప్రచారంలోకి తెచ్చిన బయాస్ కోత, మన టైలర్లు క్రాస్ కట్ అనేది. గుడ్డను నేత దారానికి 45 డిగ్రీల వాలులో కోస్తారు. అలా కోసిన గుడ్డ ఒంటిని అంటిపెట్టుకుని సాగుతుంది, తుంటి మీద ముడత పడకుండా జారి, మోకాళ్ల కింద మాత్రమే విచ్చుకుంటుంది. దానికి మడతలు నిలువుగా గీస్తే తప్పు. తుంటి చుట్టూ వాలుగా, పొడుగ్గా, చాలా తక్కువగా ఉండాలి.

భుజాలకు పట్టీ లేని గౌను గీసేవాళ్లు దాని లోపల ఏముందో తెలుసుకోవాలి. 1946 నాటి 'గిల్డా' సినిమాలో రీటా హేవర్త్ వేసుకున్న నల్ల సాటిన్ గౌను డిజైనర్ జాన్ లూయీ కుట్టించినది. లోపల బిగింపు పట్టీ, నిలబెట్టే కడ్డీలు ఉన్నాయి, అందుకే ఆమె చేతులు పైకెత్తి ఆడినా పై అంచు కదల్లేదు. చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ 1884లో ప్రదర్శించిన మదామ్ ఎక్స్ చిత్రం నుంచి ఆ గౌనుకు ఆలోచన వచ్చిందని చెబుతారు. గీయడానికి దీనివల్ల తేలేది ఏమిటంటే, పట్టీ లేని గౌను పై అంచు ఒంటితో పాటు ముడుచుకోదు. గట్టిగా, ఒకే ఒంపుగా, ఒంటికి ఒక వెంట్రుక వాసి దూరంలో నిలబడుతుంది. ఆ సన్నని ఖాళీలో చిన్న నీడ వేస్తే గౌను లోపలి కట్టుబాటు కనబడుతుంది. ఆ పాత్రకు అంతకన్నా సరిపోయే వివరం ఇంకొకటి దొరకడం కష్టం. పైకి జారిపోయేలా ఉంది, లోపల అంగుళం కదలదు.

ఇప్పుడు అసలు మెలకువ. ఫ్యాషన్ గీతలో సగం బలం గీయకుండా వదిలేసిన దాంట్లో ఉంటుంది. ఒక భుజం గీసి రెండోది వదిలేస్తారు, స్కర్ట్ ఒక అంచు గీసి రెండోది కాగితంలో కలిపేస్తారు. చూసేవాడి కన్ను దాన్ని పూరిస్తుంది. ఫ్యాషన్ బొమ్మలో అలా వదలడానికి కారణం అక్కర్లేదు, చేతి లాఘవమే కారణం. నోయిర్‌లో మాత్రం మాయమైన ప్రతి అంచుకూ వెలుగు కారణం కావాలి. ఆ అంచు నీడలో కలిసింది కాబట్టి పోయింది, లేదా దీపం మరీ దగ్గరై తెల్లగా వెలిసిపోయింది కాబట్టి పోయింది. కారణం లేకుండా పోతే పత్రికలో ప్రకటన అవుతుంది. కారణంతో పోతే ఆమె ఏదో దాస్తోందన్న అనుమానం పుడుతుంది.

దీనికోసం పని వరస మార్చుకోవాలి. అలవాటుగా అందరం ముందు బొమ్మ చుట్టూ గీత గీసి తర్వాత నీడ నింపుతాం. తిప్పి చేయండి. ముందు 6 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తున్న చిన్న పెట్టెలు నాలుగైదు గీసుకుని, వాటిలో నలుపు, ఒక బూడిద, తెలుపు మూడింటితో మాత్రమే బొమ్మ వేయండి. దీపం ఎక్కడుందో పెట్టె బయట బాణం గుర్తు పెట్టండి. నలుపు సగానికి పైగా ఉండాలి, తెలుపు చాలా కొద్దిగా. కుదిరిన దాన్ని పెద్ద కాగితం మీదకు తేలికైన 2హెచ్ పెన్సిల్‌తో ఎక్కించాక, మొదట పెద్ద నీడలు నింపండి. అవి ఆరాక బొమ్మను దూరం పెట్టి చూడండి. నీడలతోనే అర్థమైపోయిన చోట గీత వేయొద్దు. అర్థం కాని చోట మాత్రమే వేయండి. మామూలుగా ఐదారు గీతలకు మించి అవసరం పడదు. దవడ, మెడ, ఒక చెయ్యి, గౌను వెలుతురు వైపు అంచు, పాదం. అవి కూడా భుజం నుంచి చెయ్యి కదిలిస్తూ ఒక్క ఊపులో పడాలి. మణికట్టుతో చిన్న చిన్న ముక్కలుగా గీసిన గీత లావు సన్నం సరిగా మారక వణుకుతుంది.

వెనీషియన్ బ్లైండ్ల (కిటికీకి వేలాడే అడ్డ పలకల తెర) నీడ గురించి విడిగా చెప్పక తప్పదు, ఎందుకంటే అందరూ వేసేదీ, ఎక్కువమంది తప్పేదీ అదే. కంప్యూటర్‌లో తిన్నటి చారలు గీసి బొమ్మ మీద అతికిస్తారు. అప్పుడు మనిషి చదునైపోతుంది. చారల వెడల్పుతో మొదలుపెట్టండి. ఆ రోజుల్లో రెండు అంగుళాల పలకలు వాడుకలో ఉండేవి. మన బొమ్మ కొలతలో రెండు అంగుళాలంటే సుమారు 7 మిల్లీమీటర్లు. ఆమె ముఖం 30 మిల్లీమీటర్లే కాబట్టి ముఖం మీద నాలుగు చారలకు మించి పడవు. పది చారలు వేశారంటే అది కిటికీ నీడ కాదు.

తర్వాత వంపు. వెలుగు పై నుంచి దిగుతుంటే, కిటికీకి దగ్గరగా ఉన్న ఒంటి భాగం మీద చార పైకి, దూరంగా ఉన్న భాగం మీద కిందికి పడుతుంది. ముక్కు దగ్గర పైకి లేచి చెంప మీదకు జారుతుంది, చెయ్యి ముందుకు చాచి ఉంటే చేతి మీది చార ఒంటి మీది చారతో కలవదు, తెగుతుంది. మేడ మీద గది అయి, వెలుగు కింద వీధి దీపం నుంచో నియాన్ బోర్డు నుంచో వస్తుంటే ఇదంతా తలకిందులవుతుంది. కిటికీకి దూరమయ్యేకొద్దీ చార పైకి ఎక్కుతుంది. ముందు గోడ మీద చారలు గీసుకుని, తర్వాత ఆమె ఒంటి మీద వాటిని విరిచి వంచండి. గోడ చారా ఒంటి చారా ఒకే గీతలో కలిసిపోతే ఆమె గోడకు అంటుకుపోయినట్టు కనబడుతుంది. అనుమానం వస్తే ఒక గాజు సీసానో గిన్నెనో గోడ ముందు పెట్టి, దువ్వెన వెనక టార్చి వెలిగించి చూడండి. రెండు నిమిషాల్లో సందేహం తీరుతుంది.

టోపీ నీడ దీనికన్నా సులువు, ఫలితం ఎక్కువ. పుర్రె గుండ్రం ముందు గీసి, నుదుటి మధ్యలోంచి టోపీ పట్టీ గీత వేసి, దాన్ని పదిహేను ఇరవై డిగ్రీలు ఒక పక్కకు వాల్చండి. పుర్రె గీయకుండా వేసిన టోపీ తల మీద తేలుతుంది. నీడ అంచు ముక్కు దూలం మీదుగా ఏటవాలుగా కోస్తే ఒక కన్ను చీకట్లో, ఒకటి వెలుగులో మిగులుతుంది. చీకట్లో ఉన్న కంటిలో ఆవగింజంత తెల్ల చుక్క పెట్టండి. దానితో ఆమె చూపు బతుకుతుంది. జాలీ ముసుగు ఉంటే 0.05 సైజు సన్న పెన్నుతో జాలీ గీయాలి, అదీ వెలుగు వైపు మాత్రమే. ముఖమంతా గీస్తే పంజరం వెనక ఉన్నట్టుంటుంది.

ముఖం గురించి చెప్పాల్సింది తక్కువే. ఆ కాలంలో పై పెదవి అసలు గీత దాటించి లిప్‌స్టిక్ వేసుకునేవాళ్లు, గీసేటప్పుడు అదే చేయండి. రంగు వాడేట్టయితే ఒక్కచోటే. పెదాలు ఎర్రగా ఉంటే గోళ్లు నల్లగా ఉండనివ్వండి, తొడుగులు ఎర్రగా ఉంటే పెదాలు బూడిదగా ఉండనివ్వండి. రెండు చోట్ల ఎరుపు పడితే కన్ను వాటి మధ్య ఊగిసలాడుతుంది.

చేతుల మీద మాత్రం ముఖానికి రెట్టింపు సమయం పెట్టాలి. ఫ్యాషన్ బొమ్మల్లో చేతులు పొడుగ్గా, నాజూగ్గా, ఏ పనీ లేకుండా ఉంటాయి. ఆ పొడవు తీసుకోండి, ఆ ఖాళీ తీసుకోవద్దు. నోయిర్‌లో ఆమె చెయ్యి ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. తొడుగు విప్పుతూ, పర్సు గొళ్లెం మూస్తూ, ఫోను తీగను వేలికి చుట్టుకుంటూ. మణికట్టు నుంచి వేలి కొన దాకా పొడవు, గడ్డం నుంచి నుదుటి మధ్య దాకా ఉన్నంత వస్తుందని చూసుకుని, వేళ్లను ఒకటి, రెండు, ఒకటిగా గుంపు చేయండి. నడిమి రెండు కలిపి, చూపుడు వేలు, చిటికెన వేలు విడిగా. మోచెయ్యి దాటే పొడుగు తొడుగులైతే ముడతలు మణికట్టు దగ్గరా మోచేతి లోపలా మాత్రమే పడతాయి, మధ్యలో నున్నగా ఉంటుంది. నగ ఒక్కటి చాలు. 1944 నాటి 'డబుల్ ఇండెమ్నిటీ'లో బార్బరా స్టాన్విక్ కాలికి ఉన్న సన్నని గొలుసు చూసే కథానాయకుడు మెట్ల దగ్గర చూపు నిలిపేస్తాడు. ఆమెకు ఇంకా పది నగలు పెట్టి ఉంటే ఆ గొలుసు ఎవరికీ కనబడేది కాదు.

సామాను సంగతి. 300 జీఎస్ఎం నున్నటి హాట్ ప్రెస్డ్ కాగితం, లేదా బ్రిస్టల్ బోర్డు. గరుకు కాగితం మీద పొడి కుంచె బాగా వస్తుంది గానీ సాటిన్ పదును అంచులు రావు. కుంచెలు రెండు, గీతకు 3 నంబరు, నింపడానికి 8 నంబరు, మొన నిలిచేవి. నీటికి చెదరని నల్ల ఇండియన్ ఇంకు. ఇందులో లక్క లాంటి జిగురు ఉంటుంది కాబట్టి వెంట్రుకల మొదలు దగ్గర ఆరిపోతే కుంచెకు మొన మళ్లీ రాదు, ప్రతి పది నిమిషాలకు కడగాలి. తెల్ల గీతలకు గౌష్ (నీటితో కలిపే చిక్కటి రంగు), పాలంత పలుచన. పలుచన ఎక్కువైతే నల్ల ఇంకు మీద బూడిద రంగుగా ఆరుతుంది, చిక్కదనం ఎక్కువైతే పెచ్చులు లేస్తుంది. స్పిరిట్ మార్కర్లతో బూడిద వేసేవాళ్లు ముందు ముక్క కాగితం మీద పెన్ను గీత గీసి, ఆరాక మార్కర్ తిప్పి చూసుకోవాలి. కొన్ని పెన్నుల గీత కరిగి మరకవుతుంది. తెల్లగా ఉంచాల్సిన చోట పూసే మాస్కింగ్ ద్రవం వాడితే అదే పూట తీసేయండి, రోజుల తరబడి వదిలితే కాగితం పొరతో సహా లేస్తుంది.

కథ మద్రాసులోనో హైదరాబాద్‌లోనో 1950, 60లలో జరిగితే ఈ పద్ధతంతా చీరకు కూడా చెల్లుతుంది, కొన్ని మార్పులతో. భుజం ప్యాడ్లు చేసే పని ఇక్కడ పైట చేస్తుంది. షిఫాన్ చీర పైట క్రాస్ కట్ గౌనులా జారుతుంది, అది భుజం నుంచి నీడలోకి మాయమయ్యే గీతకు చక్కగా సరిపోతుంది. పట్టుచీర అలా జారదు. దాని మడతలు కోణాలుగా విరుగుతాయి, జరీ అంచు వెలుగును పట్టుకుని ప్రతి విరుపునూ చూపిస్తుంది, దాచాల్సిన పాత్రకు అది అడ్డు. కుచ్చిళ్లను బొడ్డు దగ్గర పట్టు బిందువు నుంచి విసనకర్రలా విప్పి, పాదాల దగ్గర నేల నీడలో కలిపేయండి. బాపు గీత చూస్తూ పెరిగిన మన కళ్లకు తక్కువ గీతల చీర కొత్త కాదు. ఆ పొదుపుకు వెలుగు దిక్కు ఒకటి జోడిస్తే చాలు.

చివరిగా అచ్చు. బొమ్మ ముఖచిత్రం కోసమైతే మొదట చెప్పిన కొలతలను ఆ మేరకు తగ్గించుకుని, తెలుగు పేరుకు చోటు ముందే వదలాలి. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు పేరు పట్టే ఎత్తులో తెలుగు పేరు పట్టదు. కాగితం పై భాగంలో నాలుగో వంతు నలుపుగా, వివరం లేకుండా ఉంచితే పేరు తెల్లగా కూర్చుంటుంది, టోపీ అంచు పేరులోకి చొచ్చుకుపోదు. న్యూస్‌ప్రింట్ మీద నలుపు పాకుతుంది. నలుపు మధ్యలో వదిలిన తెల్ల గీత అచ్చు సైజులో అర మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటే పూడిపోతుంది. ఏ4 బొమ్మను సగానికి తగ్గించి వేస్తారంటే అసలు బొమ్మలో ఆ గీత కనీసం ఒక మిల్లీమీటరు ఉండాలి. లేపెల్ అంచు, జుట్టు అలలు, కంటి చుక్క, ఈ మూడూ ముందు పోతాయి. ఇంకు వేసేముందే బొమ్మను ఫోన్‌లో ఫొటో తీసి, బొటనవేలంత సైజులో చూడండి. ఆ సైజులో భుజాల త్రికోణం, కన్ను, పని చేస్తున్న చెయ్యి కనబడితే ఇంకు సీసా మూత తీయవచ్చు.